అంటించేది టైలు... ఆరాల్సింది గచ్చు!

దసరా వెళ్లిన మంగళవారం మా విజయనగరంలో పైడితల్లమ్మవారి సిరిమాను. ముందురోజు తొలేళ్లు. ఊళ్లోవాళ్ల కంటే చుట్టాలే ఎక్కువ కనిపించే రోజులవి. ఆడపడుచులు, వాళ్ల పిల్లలు, పార్వతీపురం నుంచి పిన్నిగారు, టెక్కలి నుంచి మేనత్త... అందరూ దిగుతారు. వచ్చినవాళ్లు ముందుగదిలో ఎంతసేపు కూర్చుంటారు చెప్పండి? కాఫీ వాసన రాగానే అందరూ చేరేది వంటింట్లోకే! అందుకే పండగ నెలరోజుల్లో ఉందనగానే మన కళ్లు వంటింటి గోడల మీదా, గచ్చు మీదా పడతాయి.

2022లో నా కళ్లూ అలాగే పడ్డాయి. మాది పాత ఇల్లు, సిమెంటు గచ్చు. బీటల్లో గంజీ, కడుగునీళ్లూ ఇంకి నల్లటి చారలు కట్టేశాయి. ఎంత రుద్దినా పోవు. అంతకుముందు ఏడాది ఆ గచ్చు మీదే మా అత్తయ్యగారు తడిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. పగలగొట్టించి కొత్తది వేయిద్దామంటే మేస్త్రీ కూలి, సిమెంటు, ఇసుక, వారం రోజులపాటు వంట ఎక్కడ చేసుకోవాలన్న బెంగ.

అప్పుడే మా తోడికోడలు ఫోనులో ఒక బొమ్మ చూపించింది. వెనక కాగితం ఊడదీసి నేలకి అంటించేసే వినైల్ టైళ్లు.

"ఎంత పనప్పా! బొట్టుబిళ్ల అంటించినట్టే" అంది.

నిజంగానే ఒక్క మధ్యాహ్నంలో అంటించేశాం. సిరిమానుకి వచ్చినవాళ్లందరూ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను. దీపావళి నాటికి సింకు పక్క మూల టైళ్ల అంచులు లేచాయి. కార్తీక పౌర్ణమి నాటికి కింద నుంచి ముక్క వాసన. ఒకరోజు సాయంత్రం అత్తయ్యగారి కాలివేలు లేచిన అంచుకి తగులుకుంది. గట్టు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే రెండో చెయ్యి!

ఆ రాత్రే టైళ్లు పీకేశాను. వెనకంతా చెమ్మ. తప్పు టైళ్లది కాదు, కొట్టువాడిదీ కాదు. తొందర నాది. చెమట పట్టిన నుదుటి మీద బొట్టుబిళ్ల నిలుస్తుందా? చెమ్మ గచ్చు మీద టైలూ అంతే. మళ్లీ అన్నీ కనుక్కుని, ఓపికపట్టి, 2023లో సంక్రాంతి వెళ్లాక అంటించాను. ఇప్పటికి రెండేళ్లు దాటింది, ఒక్క అంచు లేవలేదు. మొదటిసారి నేను చేసిన తప్పు మీరు చెయ్యకుండా ఉండాలనే ఇదంతా రాస్తున్నాను.

ఇంతకీ ఏమిటీ టైళ్లు?

మన అమ్మమ్మలు పేడతో నేల అలికి ముగ్గు పెట్టుకున్నారు. తర్వాత సున్నం గచ్చులు, సిమెంటు గచ్చులు, ఎర్ర గచ్చులు వచ్చాయి. ఆ వెనక నాపరాళ్లు, మొజాయిక్, ఆపైన మెరిసే టైళ్లు. వినైల్ కూడా నిన్నగాక మొన్న పుట్టిందేం కాదండోయ్. ఇది పీవీసీ అనే ప్లాస్టిక్. పీవీసీ ఊరికే ఉంటే పెళుసుగా విరిగిపోతుంది. 1926లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో గుడ్రిచ్ అనే రబ్బరు కంపెనీలో పనిచేసే వాల్డో సెమన్ అనే ఆయన దాన్ని మెత్తగా వంగేలా చేసే దారి కనిపెట్టారు. తమాషా ఏమిటంటే, ఆయన వెతుకుతున్నది రబ్బరుని ఇనుముకి అతికించే జిగురు కోసం! 1933లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో వినైల్ నేలపలకలు జనం కంటపడ్డాయి.

ఈ టైలు మందం మామూలుగా ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. అడుగున జిగురు, దాని మీద కాగితం. మధ్యలో వినైల్, ఆపైన రంగూ డిజైనూ అచ్చువేసిన పొర. అన్నిటికంటే పైన అరుగుదలకి తట్టుకునే అద్దంలాంటి పల్చటి పొర. ఇంత పల్చటిది కాబట్టే కింద ఏ గుంట ఉన్నా, ఏ ఇసుక రేణువు ఉన్నా పైకి తెలిసిపోతుంది. కొనేటప్పుడు నున్నగా మెరిసేది కాకుండా చేత్తో రాస్తే కొంచెం గరుగ్గా తగిలేది తీసుకోండి. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది ముఖ్యం. ఏ వినైల్ అయినా తడి ఉంటే జారుతుంది. "ఇది వేస్తే ఇక జారదు" అనుకోవద్దు.

ఎవరికి పనికిరాదు?

కొనకముందే ఈ నాలుగూ చూసుకోండి.

ఒకటి, కట్టెల పొయ్యి, కుంపటి వాడే వంటిల్లు. నిప్పు రవ్వ పడితే మచ్చ పడిపోతుంది. గ్యాసు పొయ్యి అయినా సరే, దింపిన గిన్నె నేల మీద పెట్టే అలవాటుంటే మానుకోవాలి. మరిగే నీళ్ల వేడికే వినైల్ మెత్తబడుతుంది, ఇక నూనె కాగిన మూకుడు సంగతి చెప్పాలా?

రెండు, రోజూ బక్కెట్లతో నీళ్లు పోసి కడిగే వంటిల్లు. టైలు మీద నీళ్లు పడితే ఫరవాలేదు. టైలుకీ టైలుకీ మధ్య అతుకుల్లోంచి నీళ్లు లోపలికి దిగితేనే జిగురు వదిలేస్తుంది.

మూడు, వానాకాలంలో నీళ్లు చేరే ఇల్లు. మన జిల్లాలవాళ్లకి వేరే చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూశాం. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూశాం. అలాంటప్పుడు గడప దాటి నీళ్లు వచ్చే ఇళ్లలో నాపరాయే నయం. నీళ్లు తోసేసి, ఆరబెట్టి, మళ్లీ వాడుకోవచ్చు.

నాలుగు, అద్దె ఇల్లు. అంటించడం తేలికే కానీ తీసేటప్పుడు జిగురు గచ్చుకి ఉండిపోతుంది. ఇంటివాళ్లతో ముందే ఒక మాట అనుకోండి.

చెమ్మ ఉందో లేదో తెలిసేదెలా?

ఇదే అసలు సంగతి. పాత ఇళ్లలో గచ్చు కింద చెమ్మని ఆపే పొర వేసి ఉండరు. మట్టి మీద రాళ్లు, ఇసుక కొట్టి పైన సిమెంటు వేసేశారు. పక్కన చెరువో, నుయ్యో ఉంటే భూమిలోని తడి దీపం ఒత్తి నూనె పీల్చినట్టు గచ్చులోంచి పైకి వస్తూనే ఉంటుంది. గాలికి ఆరిపోతుంది కాబట్టి మన కంటికి కనపడదు. మీద టైలు వేసి మూసేశామా, ఆ తడి పోయే దారి లేక జిగురు దగ్గరే నిలబడిపోతుంది.

దీనికి డబ్బు ఖర్చులేని పరీక్ష ఉంది. రెండడుగులు పొడవు, రెండడుగులు వెడల్పు మందపాటి ప్లాస్టిక్ కాగితం తీసుకోండి. గచ్చు శుభ్రంగా తుడిచి దాని మీద పరవండి. నాలుగు వైపులా గాలి చొరబడకుండా వెడల్పాటి టేపు అంటించండి. మూడు రోజులు దాని జోలికి వెళ్లకండి. తర్వాత ఎత్తి చూడండి. ప్లాస్టిక్ అడుగున నీటిబొట్లు పట్టినా, కింద గచ్చు రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టే. ఒక్కచోట చూసి ఊరుకోవద్దు. సింకు కింద, బయటి గోడ పక్కన, గది మధ్యలో... మూడుచోట్లా చూడండి. ఎండాకాలంలో చేసిన పరీక్ష ఒక్కటీ నమ్మొద్దు. వానలు పడుతున్నప్పుడు కూడా ఒకసారి చేస్తే అసలు రంగు బయటపడుతుంది.

మా ఇంట్లో మధ్యలో పొడిగా వచ్చింది. సింకు మూల ప్లాస్టిక్ కింద ముత్యాల్లా నీటిబొట్లు! నేను ఆశ్చర్యపోతుంటే అత్తయ్యగారు అక్కడే కూర్చుని చిక్కుళ్లు ఈనెలు తీస్తూ అన్నారు:

"ఆ మూల ఎప్పుడూ అంతేనమ్మా. నేను కాపరానికొచ్చిన కొత్తలో బియ్యం బస్తా అక్కడెడితే అడుగంతా బూజట్టీసింది. మరి అక్కడెట్టనేదు."

"ముందే చెప్పకపోయారా అత్తయ్యా?"

"నువ్వడిగీవేటి?"

నిజమే. ఫోనులో వంద బొమ్మలు చూశాను కానీ, నలభై ఏళ్లకు పైగా ఆ గచ్చు కడిగిన మనిషిని ఒక్క మాట అడగలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే పరీక్ష కంటే ముందు వాళ్లని అడగండి. ఏ మూల బస్తా పాడైందో, ఏ గోడకి సున్నం నిలవదో వాళ్లకి తెలుస్తుంది.

చెమ్మ ఉంటే దాని మూలం ఎక్కడుందో చూడాలి. మా ఇంట్లో ఆ గోడ అవతలే అంట్లు తోమే చోటు. నీళ్లు పోయే దారి లేక గోడ మొదట్లోనే ఇంకిపోయేవి. మేస్త్రీని పిలిచి అక్కడ సిమెంటుతో గోడకి దూరంగా వాలు పెట్టించి, నీళ్లు తూములోకి పోయేలా చేయించాం. సింకు కింద గొట్టం అతుకు కూడా కారుతోంది, అదీ బాగుచేయించాం. రెండు నెలలకి పైగా ఆగి మళ్లీ ప్లాస్టిక్ వేస్తే పొడిగా వచ్చింది. అప్పుడు కానీ టైళ్ల మాట ఎత్తలేదు. ఇంత చేసినా తడి ఆగకపోతే, చెమ్మ నేలలోంచే వస్తోందన్నమాట. అక్కడ ఈ టైళ్ల ఆశ వదులుకోండి. డబ్బు మిగిలిందనుకోండి.

గచ్చుని సిద్ధం చెయ్యడం

ముందు ఎగుడుదిగుళ్లు. మేస్త్రీ దగ్గర ఉండే నిడుపాటి బద్ద అడిగి తీసుకోండి. ఆరడుగుల బద్ద గచ్చు మీద అడ్డంగా, నిలువుగా పెట్టి చూస్తే దాని కింద ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ పల్లం. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి దూరేంత పల్లం ఉంటే పూడ్చాల్సిందే. బీటల్లో మట్టి, పాత జిడ్డు ఇనుప చువ్వతో గీకి తీసేసి సిమెంటు పూడ్చే మందుతో నింపండి. కొట్లో 'క్రాక్ ఫిల్లర్' అంటే ఇస్తారు. నాపరాళ్ల నేల అయితే రాయికీ రాయికీ మధ్య సందులన్నీ నింపి సమం చెయ్యాలి. లేకపోతే కొన్నాళ్లకి ఆ గీతలన్నీ టైళ్ల మీద తేలతాయి. గుల్లగా మోగే చోట, ఊడి వచ్చే పెచ్చులు ఉన్నచోట కొట్టేసి కొత్తగా సిమెంటు వేయించండి. కొత్త సిమెంటు వేస్తే నెల రోజులు ఆరనివ్వాలి.

తర్వాత జిడ్డు. వంటింటి గచ్చుకి పోపుల నూనె ఎంత పట్టి ఉంటుందో మనకి తెలియనిదా? వేడినీళ్లలో చాకలి సోడా వేసి, చేతికి తొడుగు వేసుకుని, పీచుతో రుద్ది రెండుసార్లు మంచినీళ్లతో కడగండి. సబ్బు మిగిలినా జిగురు పట్టదు. ఎర్ర గచ్చుకి మెరుపు కోసం నూనె, మైనం పట్టించి ఉంటే అది పూర్తిగా పోవాలి. కడిగాక తలుపులు, కిటికీలు తెరిచి, ఫ్యాను పెట్టి రెండు మూడు రోజులు ఆరనివ్వండి.

ఇప్పుడు ఇంకో చిన్న పరీక్ష. టేపు ముక్క గచ్చుకి గట్టిగా అంటించి లాగండి. టేపుకి బూడిదలాంటి పొడి అంటుకుని వస్తే ఆ గచ్చు ఇంకా సిద్ధం కాలేదు. టైలు కూడా ఆ పొడికే అంటుకుంటుంది కానీ గచ్చుకి కాదు. పొడి రాలే సిమెంటు గచ్చుకి ప్రైమర్ అనే పాలలాంటి ద్రవం పూయాలి. టైళ్ల డబ్బా మీద ఏ రకం వాడమన్నారో చూసి అదే కొనండి. కుంచెతో పల్చగా పూసి, ఆరాక అవసరమైతే రెండో పూత వెయ్యండి. వేలితో ముట్టుకుంటే తడి అంటకూడదు.

ఎన్ని టైళ్లు కొనాలి?

ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు టైలు సరిగ్గా చదరపు అడుగు. గది చదరపు అడుగులు లెక్కకట్టి, కోతల్లో పోయేదానికి నూటికి పది కలుపుకోమంటారు. ఆ లెక్క ఉజ్జాయింపు మాత్రమే. మా వంటిల్లు 9 అడుగుల 4 అంగుళాలు, 7 అడుగుల 8 అంగుళాలు. అంటే సుమారు 72 చదరపు అడుగులు. పది వంతున కలిపితే 79 టైళ్లు. కానీ వరసలు లెక్కపెట్టి చూస్తే పొడవున 10, వెడల్పున 8, మొత్తం 80 కావాలి. అంచుల్లో కోసిన ముక్కలు మళ్లీ పనికిరావుగా! పాడయ్యేవాటికీ, తర్వాత మార్చుకోడానికీ ఇంకో పది వేసి 90 కొన్నాను. టైలు 40 రూపాయల చొప్పున 3,600 అయింది. ప్రైమరు, ఫిల్లరు, సిలికాన్ గొట్టం వేరే. ఇది నాకు పడిన రేటు, మీ ఊళ్లో వేరేగా ఉండొచ్చు. అన్నీ ఒకే డిజైను, ఒకే బ్యాచి నంబరు ఉన్న డబ్బాలు చూసుకోండి. బ్యాచి మారితే రంగులో తేడా వస్తుంది.

డబ్బాలు తెచ్చాక వంటింట్లోనే, పడుకోబెట్టి, రెండు రోజులు ఉంచండి. ఎండలో కూడా తెచ్చిన టైలు కొంచెం సాగి ఉంటుంది. వెంటనే అంటిస్తే చల్లబడ్డాక అతుకుల్లో సందులు పడతాయి.

ముగ్గుదారంతో గీత

గోడ పక్కనుంచి మొదలుపెట్టేయడం అందరం చేసే పొరపాటు. పాత ఇళ్ల గోడలు ఏవీ తిన్నగా ఉండవు. మూడో వరసకే వంకర తెలిసిపోతుంది. అందుకే గది మధ్య నుంచి మొదలుపెట్టాలి.

ఎదురెదురు గోడల మధ్యభాగాలు కొలిచి గుర్తుపెట్టండి. నూలుదారానికి ముగ్గుపిండి పట్టించి, ఇద్దరు రెండు చివరలా గట్టిగా పట్టుకుని, మధ్యలో ఎత్తి వదిలితే గచ్చు మీద తిన్నని గీత పడుతుంది. రెండోవైపు కూడా అలాగే కొట్టండి. రెండు గీతలూ గది మధ్యలో కలుస్తాయి. అవి సరిగ్గా మూలమట్టంగా ఉన్నాయో లేదో ఇలా చూడండి. కలిసిన చోటు నుంచి ఒక గీత మీద 3 అడుగులు, రెండో గీత మీద 4 అడుగులు గుర్తుపెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య ఏటవాలుగా కొలిస్తే సరిగ్గా 5 అడుగులు రావాలి. రాకపోతే రెండో గీత సరిచేసుకోండి. గుర్తులు పెన్సిలుతో దిద్దేసి, ముగ్గుపొడి తుడిచెయ్యండి. ఆ పొడి కూడా జిగురుకి శత్రువే.

ఇప్పుడు కాగితం తియ్యకుండా టైళ్లు ఊరికే పేర్చి చూడండి. మా ఇంట్లో మధ్య నుంచి పొడవున అటు నాలుగు, ఇటు నాలుగు నిండు టైళ్లు పట్టి, రెండు గోడల దగ్గరా 8 అంగుళాల ముక్కలు వచ్చాయి. గోడ నుంచి మొదలుపెట్టి ఉంటే తొమ్మిది నిండు టైళ్లు పోయి చివర్లో 4 అంగుళాల పేలిక మిగిలేది! సన్నటి ముక్కలే ముందు లేస్తాయి. మీ ఇంట్లో అంచు ముక్క సగం టైలు కంటే తక్కువ వస్తుంటే మధ్యగీతని ఆరు అంగుళాలు పక్కకి జరపండి. ఉదాహరణకి గది 10 అడుగుల 4 అంగుళాలుంటే మధ్య నుంచి చెరోవైపు ఐదు టైళ్లు పోయి 2 అంగుళాలే మిగులుతుంది. ఆరు అంగుళాలు జరిపితే రెండు వైపులా 8 అంగుళాల ముక్కలు వస్తాయి.

అంటించడం

ఇక్కడికి వచ్చేసరికి ముప్పాతిక పని అయిపోయినట్టే. గ్యాసు బండ, బియ్యం డబ్బా, ఫ్రిజ్ అన్నీ బయట పెట్టేయండి. మోకాళ్ల కింద మడతపెట్టిన గోనె వేసుకోండి.

టైలు వెనక బాణం గుర్తు ఉంటుంది. అన్నీ ఒకే దిక్కు చూడాలి, లేదా డబ్బా మీద చెప్పినట్టు ఒకటి మార్చి ఒకటి. కాగితం ఒక్కో టైలుకే తియ్యండి. తీసిన కాగితం వెంటనే సంచిలో పడెయ్యండి. దాని మీద కాలేస్తే సర్రున జారుతుంది. గీతలు కలిసిన మూలకి టైలు ఒక అంచు ఆనించి, మెల్లగా దించుతూ, మధ్య నుంచి అంచులకి చేత్తో నొక్కండి. వంకరగా పడితే తోయకండి. వెంటనే ఎత్తి మళ్లీ పెట్టండి. తోస్తే జిగురు అతుకుల్లోకి ఎక్కి నల్లగా జిడ్డు పట్టేస్తుంది. రెండో టైలు మొదటిదానికి ఒరుసుకుని ఉండాలి, ఎక్కకూడదు. గది మధ్య నుంచి మెట్లు మెట్లుగా ఒక మూలకి వెళ్లండి, తర్వాత రెండో మూలకి.

నాలుగు టైళ్లు అయ్యాక చపాతీ కర్ర తెచ్చి ఒంటి బరువంతా వేసి అన్ని వైపులా దొర్లించండి. పెద్ద పెద్ద చోట్ల ఈ పని చేసేవాళ్లు బరువైన రోలరు దొర్లిస్తారట. మనకి మన కర్రే రోలరు! నవ్వకండి, చేత్తో నొక్కితే సరిపోతుందని మొదటిసారి నేను వదిలేసిన పని ఇదే. జిగురు ఒత్తిడికే పట్టుకుంటుంది.

గోడ పక్క ముక్కలకి కొలతబద్ద కూడా అక్కర్లేదు. కాగితం తియ్యని టైలొకటి, ఆఖరున అంటించిన నిండు టైలు మీద సరిగ్గా కప్పినట్టు పెట్టండి. ఇంకో టైలు గోడకి ఆనించి దాని మీద పెట్టండి. పై టైలు అంచు వెంబడి మధ్య టైలు మీద పెన్సిలు గీత గియ్యండి. ఆ గీత దగ్గర కోస్తే బయటికి కనిపించిన భాగం ఆ సందులో సరిగ్గా పడుతుంది. గోడ వంకరైనా ఫరవాలేదు. ఉక్కు బద్ద ఆనించి, కట్టరు బ్లేడుతో రెండుసార్లు గీసి విరిస్తే తెగిపోతుంది. బ్లేడు మన వైపు లాక్కోకూడదు, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. సింకు గొట్టం దగ్గర ముందు పాత వార్తాపత్రిక మీద ఆకారం కత్తిరించి సరిపోయాక టైలు మీద పెట్టి కొయ్యండి. టైలు గట్టిగా ఉండి వంగకపోతే జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో కొంచెం వెచ్చచేస్తే మెత్తబడుతుంది.

ఆఖర్న సింకు కింద, గోడల మొదట్లో, గడప దగ్గర సన్నగా సిలికాన్ పట్టించండి. నీళ్లు దూరేది అక్కడే. గడప దగ్గర అల్యూమినియం పట్టీ వేయిస్తే రాకపోకలకి అంచు లేవదు.

తర్వాత జాగ్రత్తలు

మొదటి ఐదు రోజులు తడిగుడ్డ పెట్టకండి, చీపురుతో ఊడిస్తే చాలు. బరువైన సామాను ఒకటి రెండు రోజులాగి లోపల పెట్టండి. గ్యాసు బండ దొర్లించి తెస్తే అంచు ఇనుము టైలుని చీల్చేస్తుంది. ఎత్తి తెచ్చి, అది ఉండేచోట చెక్కపలక వెయ్యండి.

రబ్బరు అడుగున్న కాలిపట్టాలు వెయ్యొద్దు. కొన్నాళ్లకి పసుపుపచ్చ మచ్చ పడుతుంది, అది పోదు. నూలు పట్టా వేసుకోండి. పసుపు, ఆవకాయ నూనె ఒలికితే వెంటనే తుడిచెయ్యండి. యాసిడ్, ఇనుప పీచు వద్దు. రోజూ గట్టిగా పిండిన గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

ఒక టైలు పాడైతే దాని మీద పాత తువ్వాలు పరిచి గోరువెచ్చటి ఇస్త్రీపెట్టెతో కాస్త వెచ్చచేస్తే జిగురు వదులుతుంది. తీసేసి, అడుగు శుభ్రం చేసి, దాచుకున్న టైలు అంటించుకోవచ్చు. మిగిలిన ముక్కలు మాత్రం పొయ్యిలోనూ, భోగిమంటలోనూ వెయ్యొద్దు. పీవీసీ కాలితే వచ్చే పొగ విషం.

ఇక అత్తయ్యగారి సంగతి

ఆవిడ ఒప్పుకోడానికే ఎక్కువ రోజులు పట్టింది. ప్రతి శుక్రవారం వంటిల్లు కడగందే ఆవిడకి పొద్దు గడవదు. "కడగని వంటిల్లు వంటిల్లేటి?" అనేవారు. కాదనలేదు నేను. ఆవిడ చెయ్యి విరిగింది కూడా కడిగిన తడిలోనే కదా అని మాత్రం ఒకసారి అన్నాను. ఏం మాట్లాడలేదు. నాలుగు రోజులాగి ఆవిడే ఒక దారి చెప్పారు. శుక్రవారం పొయ్యిగట్టు కడిగి, దాని మీదే ముగ్గు పెట్టుకుంటారు. పెరటి వసారా నీళ్లు పోసి కడుగుతారు. వంటింటి నేలకి పిండిన గుడ్డే.

మొన్న సిరిమానుకి వచ్చిన మేనత్త నేల చూసి, "ఎంత బాగుందే, ఎవులేసీరు?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా అత్తయ్యగారే అందుకున్నారు:

"ముందు మీ ఇంట్లో చెమ్ముందో లేదో సూసుకో వదినా. అదయ్యేక టైళ్లు కొందూగాని."

నేను ఇంత పొడుగున రాసిందంతా ఆవిడ రెండు ముక్కల్లో చెప్పేశారు. మీరూ ముందు ఆ ప్లాస్టిక్ కాగితం పరిచి చూడండి.